పోస్టాఫీసు దూరం, మూట బరువు

అమెరికా తూర్పు కొండల్లో జార్జియా రాష్ట్రం నుంచి మెయిన్ రాష్ట్రం దాకా ఒక కాలిబాట ఉంది. పేరు అపలాచియన్ ట్రెయిల్. పొడవు దాదాపు 3,500 కిలోమీటర్లు, దాటేది 14 రాష్ట్రాలు. ఏటా వసంతకాలం మొదలవగానే వేలమంది దీన్ని ఒకే విడతలో నడవాలని దక్షిణపు కొస నుంచి బయల్దేరతారు. ఇలా ఈ కొస నుంచి ఆ కొసకు నడవడాన్ని త్రూ-హైక్ అంటారు. ఐదారు నెలల పని అది. పొద్దున్నించి సాయంత్రం దాకా కొండలెక్కి దిగే మనిషికి రోజుకు కిలోకు అటూ ఇటూగా తిండి కావాలి. మొత్తం లెక్కేస్తే నూటయాభై కిలోలు. అంత బరువు వీపున వేసుకుని నడిచేవాళ్ళు ఉండరు. నాలుగైదు రోజులకు సరిపడా మోసుకెళ్తారు, అది అయిపోయేలోగా మళ్ళీ నింపుకుంటారు.

నింపేది ఎవరు? ఈ దారి గురించి రాసినవాళ్ళు ఎక్కువగా నడిచినవాళ్ళ కాళ్ళ బలం గురించీ గుండెదిటవు గురించీ రాశారు. ఆ సంచిలోకి సరుకు ఎలా వచ్చి పడిందన్నది అంతకు తీసిపోని కథ. అందులో నడిచినవాళ్ళతో సమానంగా పల్లెటూరి పోస్టుమాస్టర్లూ, కిరాణా కొట్లవాళ్ళూ, దారిపక్క ఇళ్ళ ఆడవాళ్ళూ కనిపిస్తారు. వందేళ్ళలో సంచి బరువు పెరిగినా తగ్గినా, దాని వెనక వీళ్ళు ఎంత దగ్గరలో ఉన్నారన్న సంగతి ఉంది.

కథ దారి పుట్టకముందే మొదలవుతుంది. 1913 జనవరి 1న అమెరికా తపాలా శాఖ పార్సిల్ పోస్టు ప్రారంభించింది. అంతవరకు నాలుగు పౌండ్లు, అంటే రెండు కిలోల లోపు పొట్లాలే పోస్టులో వెళ్ళేవి. అంతకు మించిన బరువు ఏదైనా ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ కంపెనీల దయ. రైలు స్టేషనుకు దూరంగా ఉన్న పల్లెలను అవి పట్టించుకునేవి కావు. రైతులు ఏళ్ళతరబడి అడగ్గా అడగ్గా వచ్చిన సౌకర్యం ఇది. మొదట్లో పదకొండు పౌండ్ల పరిమితి పెట్టారు, తర్వాత పెంచుకుంటూ పోయారు. జనం దాన్ని ఎంతగా వాడుకున్నారంటే, 1916లో యూటా రాష్ట్రంలోని వెర్నల్ అనే ఊళ్ళో బ్యాంకు కట్టడానికి ఇటుకలు పోస్టులో తెప్పించుకున్నారు. మామూలు రవాణా కంటే తపాలా ఖర్చే తక్కువ పడిందట. దాదాపు 80,000 ఇటుకలు, యాభై పౌండ్ల కట్టలుగా, కొండదారుల్లో బళ్ళమీద చేరాయి. తపాలా శాఖ గుండె గుభేలుమని, ఒకరి నుంచి ఒకరికి రోజుకు 200 పౌండ్లకు మించి పంపకూడదని నిబంధన పెట్టింది. వెర్నల్‌లో ఆ భవనం ఇప్పటికీ ఉంది.

దీనికి తోడు అమెరికా తపాలాలో ఇంకో పాత ఏర్పాటు ఉండేది. ఇంటింటికీ ఉత్తరాలు పంచే రోజులకు ముందు అందరూ పోస్టాఫీసుకే వెళ్ళి తమ పేరున వచ్చినవి అడిగి తీసుకునేవారు. పంపిణీ మొదలయ్యాక కూడా ఆ పద్ధతి ‘జనరల్ డెలివరీ’ పేరుతో మిగిలిపోయింది. ఇంటి నంబరు అక్కర్లేదు. పేరు, ఊరు, పోస్టాఫీసు రాస్తే చాలు, పార్సిల్‌ను సాధారణంగా 30 రోజుల దాకా ఉంచుతారు. ఇల్లూ వాకిలీ లేకుండా తిరిగే మనిషికి ఇంతకంటే అనువైన సదుపాయం లేదు. అప్పటికి ఇది కొండల్లో నడిచేవాళ్ళకు పనికొస్తుందని ఎవరూ అనుకోలేదు. అప్పటికి ఈ కాలిబాటే లేదు.

1921 అక్టోబరులో బెంటన్ మెకై అనే అటవీ నిపుణుడు ఆర్కిటెక్టుల పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఫ్యాక్టరీ పొగలో మగ్గే నగరజీవులకు ఊపిరి పోసేలా, అపలాచియన్ కొండల మీదుగా ఒక కాలిబాట వేయాలన్నది ఆయన ప్రతిపాదన. అందరికీ గుర్తున్నది ఆ బాట మాత్రమే. ఆయన నక్షాలో ఇంకా చాలా ఉన్నాయి. ఒక రోజు నడకకు ఒకటి చొప్పున తలదాచుకునే విడుదులు, కొండల్లో సామూహిక శిబిరాలు, వాటికి తిండి పండించి ఇచ్చే వ్యవసాయ శిబిరాలు. నడిచేవాడి కడుపు ఎలా నిండుతుందన్న ప్రశ్నను మెకై మొదటి రోజే అడిగాడు. కానీ దారిని నిజంగా నేలమీదికి దించిన మైరన్ ఏవరీకి ఆ సామాజిక కలలమీద ఆసక్తి లేదు. ఆయన లాయరు, పట్టుదల మనిషి. సైకిల్ చక్రం లాంటి కొలతచక్రం దొర్లించుకుంటూ అడుగడుగూ కొలిచాడు. ఇద్దరికీ పడలేదు. 1937 ఆగస్టు 14న మెయిన్ రాష్ట్రంలో ఆఖరి ముక్క పూర్తయ్యేసరికి దారి ఉంది, మూడు గోడల విడుదులు కొన్ని ఉన్నాయి, పొలాల శిబిరాలు మాత్రం కాగితం మీదే ఉండిపోయాయి.

అయినా ఎవరికీ ఇబ్బంది కలగలేదు, ఎందుకంటే ఈ దారిని ఒక్క ఊపులో ఎవరైనా నడుస్తారని కట్టినవాళ్ళు కూడా అనుకోలేదు. శని ఆదివారాల్లో వచ్చి కొంత నడిచి వెళ్ళిపోయేవాళ్ళ కోసం వేసిన దారి అది.

పెన్సిల్వేనియాకు చెందిన ఎర్ల్ షాఫర్ రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ ప్రాంతంలో పనిచేసి వచ్చాడు. చిన్నప్పటినుంచీ కలిసి కొండలు తిరిగిన స్నేహితుడు వాల్టర్ వైన్‌మిల్లర్ ఆ యుద్ధంలోనే ఐవో జిమా దీవి మీద చనిపోయాడు. మనసులోంచి యుద్ధాన్ని నడిచి వదిలించుకోవాలని షాఫర్ 1948 ఏప్రిల్ 4న జార్జియాలోని ఓగుల్‌థార్ప్ కొండ దగ్గర మొదలుపెట్టి, ఆగస్టు 5న మెయిన్‌లోని కటాడిన్ శిఖరం ఎక్కాడు. 124 రోజులు. దారికి సంబంధించిన గైడు పుస్తకాలు దగ్గర లేక మామూలు రోడ్డు మ్యాపులతో నెట్టుకొచ్చాడు. సైన్యం వాడే వీపుసంచి, వానకు కప్పుకునే పాంచో, ఒక నల్ల నోటుబుక్కు, ఒకే ఒక్క జత బూట్లు. గుడారం బరువని వదిలేశాడు. సరుకు దారిపక్క ఊళ్ళలో కొనుక్కునేవాడు, మొక్కజొన్నపిండి కలిపి పెనం మీద రొట్టె కాల్చుకునేవాడు. అపలాచియన్ ట్రెయిల్ సంఘం పెద్దలు అతని మాట వెంటనే నమ్మలేదు. డైరీ, ఫొటో స్లయిడ్లు చూసి, ప్రశ్నలు వేసి, అప్పుడు ఒప్పుకున్నారు. ఆ బూట్లూ ఆ నోటుబుక్కూ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం సంపద.

షాఫర్ కథ తెలిసినవాళ్ళందరూ అతని ధైర్యాన్ని మెచ్చుకుంటారు. ఆ ధైర్యానికి ఊతమిచ్చిన భూగోళాన్ని కూడా గమనించాలి. 1948లో ఈ దారి చాలాచోట్ల మట్టిరోడ్ల మీదుగా, పొలాల గట్ల వెంట, పల్లెల నడిబొడ్డున సాగేది. కొట్టు కనిపించేది, బావి కనిపించేది, వాకిట్లో మనుషులు కనిపించేవారు. సంచి అంత తేలిగ్గా ఉండటానికి అదే కారణం.

దీనికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఎమ్మా గేట్‌వుడ్. ఒహాయో రాష్ట్రపు పల్లెటూరి మనిషి, పదకొండు మంది పిల్లల తల్లి. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో ఈ దారి గురించి చదివింది. 1954లో మెయిన్ కొస నుంచి మొదలుపెట్టి, దారి తప్పి, కళ్ళజోడు పగలగొట్టుకుని వెనక్కి వచ్చింది. మరుసటేడు 67 ఏళ్ళ వయసులో, ఎక్కడికని చెప్పకుండా, అలా నడిచొస్తానని పిల్లలతో అని, మే 3న జార్జియాలో అడుగుపెట్టింది. సెప్టెంబరు 25న కటాడిన్ మీద ఉంది. ఆమె సామాను కాస్త వివరంగా చూడాలి. డెనిమ్ గుడ్డతో తానే కుట్టుకున్న ఒంటి భుజం సంచి. వానకూ రాత్రి నేలతేమకూ ఒక ప్లాస్టిక్ షవర్ కర్టెన్. ఒక దుప్పటి, రెయిన్‌కోటు. కాళ్ళకు కెడ్స్ కాన్వాస్ బూట్లు. గాయాలకు అయొడిన్, రొంపకు విక్స్. తినడానికి ఎండు ద్రాక్ష, వేరుశనగ పప్పు, పాలపొడి, డబ్బాలో దొరికే చిన్న సాసేజీలు. అంతా కలిపి తొమ్మిది కిలోలకు మించేది కాదు. పొయ్యి లేదు, గుడారం లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు.

ఇంత తక్కువతో ఎలా నెగ్గుకొచ్చింది? కొన్ని రాత్రులు ఆకులమీద, బల్లలమీద పడుకుంది. చాలా రాత్రులు తలుపులు తట్టింది. తెలియని ఇళ్ళలో భోజనం, పడక దొరికాయి. కొందరు మొహం మీదే తలుపు వేశారు, ఎక్కువమంది లోపలికి పిలిచారు. ఆమె ప్రయాణం సగంలో ఉండగానే పత్రికలవాళ్ళు వెంటపడ్డారు, దాంతో ముందున్న ఊళ్ళలో ఆమె రాక ముందే తెలిసిపోయేది. ఆమె సంచిలో లేని పొయ్యి ఆ ఇళ్ళ వంటగదుల్లో ఉంది. 1957లో మళ్ళీ మొత్తం నడిచింది. ఆ తర్వాత విడతలవారీగా మూడోసారి పూర్తిచేసింది. మూడుసార్లు పూర్తిచేసిన మొదటి మనిషి ఆమే. ఇంత చేసినా, పరికరాల చరిత్రలో ఆమె పేరు చాలాకాలం ఒక వింతగానే చెప్పుకున్నారు. పాఠంగా ఎవరూ తీసుకోలేదు.

అప్పటికి గాలి వేరేవైపు మళ్ళింది. 1952లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో డిక్ కెల్టీ అల్యూమినియం చట్రానికి నైలాన్ సంచి బిగించి అమ్మడం మొదలుపెట్టాడు. చట్రం ఆయన వంచేవాడు, గుడ్డ ఆయన భార్య ఇంట్లో మిషను మీద కుట్టేది. నడుం పట్టీ పుణ్యమా అని బరువు భుజాలమీంచి తుంటి మీదికి దిగింది. మోయడం సుఖమయ్యేసరికి జనం ఇంకాస్త మోయడం మొదలుపెట్టారు. వియత్నాం యుద్ధకాలంలో సైన్యానికి తయారుచేసిన ఫ్రీజ్-డ్రై భోజనాలు, వేణ్ణీళ్ళు పోస్తే అన్నమయ్యే పొట్లాలు, బజార్లోకి వచ్చాయి. 1968లో కొలిన్ ఫ్లెచర్ రాసిన ‘ది కంప్లీట్ వాకర్’ నడిచేవాళ్ళ చేతిపుస్తకమైంది. వీపుమీద ఒక ఇల్లు మోస్తున్నట్టుగా, గది గదికీ ఏం కావాలో సర్దుకోవాలన్నది దాని పద్ధతి. ఆయన 1963లో అప్పటి గ్రాండ్ కాన్యన్ జాతీయ పార్కు పొడవునా నడిచినప్పుడు దారిలో ఊరన్నది లేక, సరుకు విమానంలోంచి జారవిడిపించుకున్నాడు. ఊళ్ళు లేనిచోట తేలిగ్గా నడవాలంటే ఆకాశాన్ని ఆశ్రయించాలి, లేదా వీపు విరగ్గొట్టుకోవాలి.

రెండోది చేసినవాడు ఎరిక్ రైబాక్. 1968 అక్టోబరు 2న అమెరికా ప్రభుత్వం జాతీయ కాలిబాటల చట్టం చేసి, అపలాచియన్‌తో పాటు పశ్చిమాన మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్‌ను కూడా గుర్తించింది. పొడవు 4,200 కిలోమీటర్ల పైచిలుకు, అప్పటికి చాలాచోట్ల దారే లేదు. 1970లో పద్దెనిమిదేళ్ళ రైబాక్ కెనడా వైపు నుంచి దిగి వచ్చాడు. మొత్తం ప్రయాణానికి అతను పోస్టులో పెట్టించుకున్నవి ఐదే ఐదు పార్సిళ్ళు. దాని ఫలితంగా చాలాసార్లు సంచి బరువు 80 పౌండ్లు, అంటే 36 కిలోలు.  అయినా పలుమార్లు తిండి అయిపోయి, దొరికిన ఆకూ కాయా తిని, పస్తులు కూడా ఉన్నాడు. దారి అంతా అతను నిజంగా నడిచాడా లేదా అన్నదానిమీద తర్వాత పెద్ద రగడ జరిగింది. అది అలా ఉంచితే, ఐదు పార్సిళ్ళకు ముప్పయ్యారు కిలోలన్న లెక్క మాత్రం చాలామందికి కళ్ళు తెరిపించింది.

అదే ఏడాది తూర్పున ఎడ్ గార్వీ అనే రిటైరైన ప్రభుత్వోద్యోగి అపలాచియన్ దారంతా నడిచాడు. 1971లో ఆయన వేసిన పుస్తకం ‘అపలాచియన్ హైకర్’ ఈ విషయంలో ఒక మలుపు. ప్రతి వస్తువునూ తూకం వేసి ఔన్సుల్లో రాశాడు. ఏ ఊళ్ళో కొట్టు ఉంది, ఏ పోస్టాఫీసు దారికి దగ్గర, ఏం తిన్నాడు, ఎంత ఖర్చయింది, అంతా లెక్కలతో పెట్టాడు. సాహసగాథ చదవబోయినవాళ్ళకు చిట్టా పుస్తకం దొరికింది. డెబ్బయ్యో దశకంలో నడిచేవాళ్ళ సంఖ్య ఒక్కసారిగా పెరగడానికి ఈ చిట్టా కూడా ఒక కారణమని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆ దశకంలోనే మెయిల్ డ్రాప్, అంటే దారిలోని ఊళ్ళకు సరుకు ముందుగా పోస్టులో పంపుకోవడం, ఒక ఆచారంగా స్థిరపడింది. ప్రయాణానికి నెలల ముందునుంచే ఇంట్లో పని మొదలవుతుంది. కూరలు, బీన్సు, మాంసం ఆరబెట్టి, రోజువారీ పొట్లాలు కట్టి, హాల్లో నేలమీద పాతికా ముప్పయ్యి అట్టపెట్టెలు వరసగా పేరుస్తారు. ఏ పెట్టెలో ఎన్ని రోజుల తిండి, ఏ మ్యాపు, ఎన్ని సాక్సులు అన్నది పైన రాస్తారు. అనుభవం ఉన్నవాళ్ళు మూత అంటించరు. తల్లో భార్యో స్నేహితుడో ఇంటి దగ్గర ఉండి, ఫోన్లో అడిగింది అందులో వేసి, అప్పుడు టేపు చుట్టి, చేరాల్సిన తేదీకి పది పన్నెండు రోజుల ముందు పోస్టులో పడేస్తారు. పెట్టెమీద పేరు, జనరల్ డెలివరీ, ఊరు, ఆ కింద ‘అపలాచియన్ హైకర్ కోసం ఉంచగలరు’ అన్న వినతి, వస్తానని అనుకుంటున్న తేదీ. పొయ్యికి వేసే గ్యాసు డబ్బాలు విమానంలో పోవు గనక రోడ్డుదారిన పంపాలని వేరే చీటీ. తెరవని ప్రయారిటీ పార్సిల్‌ను అదనపు చార్జీ లేకుండా ఇంకో పోస్టాఫీసుకు మళ్ళించవచ్చు. ఈ వెసులుబాటు పట్టుకుని కొందరు చార్జర్లు, కత్తెర, మందులు ఒక పెట్టెలో పెట్టి, తమకంటే ముందు దాన్ని ఊరూరా పంపుతూ పోతారు. దానికి బౌన్స్ బాక్స్ అని పేరు.

ఇందులో చిక్కులు లేకపోలేదు. జనవరిలో ఇంట్లో కూర్చుని ఇష్టంగా కట్టిన ఓట్‌మీల్ పొట్లాలు జూన్‌కల్లా చూస్తేనే వెగటు పుడతాయి. దారిపక్క హాస్టళ్ళలో హైకర్ బాక్స్ అని ఒక డబ్బా ఉంటుంది. అక్కర్లేనివి వేయొచ్చు, కావలసినవి తీసుకోవచ్చు. అందులో ఎప్పుడు చూసినా ఓట్‌మీల్ పొట్లాలు, జిప్ సంచుల్లో పేరు రాయని తెల్లటి పొడి, సగం వాడిన సన్‌స్క్రీన్ కనిపిస్తాయి. ఆ పొడి పాలదో, బంగాళదుంపదో తేల్చుకోవడం తీసుకున్నవాడి వంతు. శనివారం మధ్యాహ్నం మూసిన పోస్టాఫీసు ముందు నిలబడితే సోమవారం దాకా లాడ్జి ఖర్చు. 2012లో తపాలా శాఖ ఖర్చు తగ్గించుకోవడానికి దాదాపు 13,000 పల్లె పోస్టాఫీసుల పనివేళలు కుదించింది. కొన్ని రోజుకు రెండు గంటలే తెరుస్తాయి. పల్లెవాసులకు అది నష్టమే. ఆ రెండు గంటలు అందుకోవడానికి కొండదిగి పరిగెత్తే నడకరికి ఇంకా నష్టం.

సంచిని మళ్ళీ తేలిక చేసినవాడిగా పేరుపొందింది రే జార్డీన్. అంతరిక్ష సంస్థల్లో పనిచేసిన ఇంజినీరు, కొండరాళ్ళ పగుళ్ళలో పట్టుకుని నిలిచే ‘ఫ్రెండ్స్’ అనే పరికరాన్ని కనిపెట్టిన మనిషి. భార్య జెన్నీతో కలిసి పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్‌ను రెండుసార్లు నడిచి, 1992లో దానిమీద చేతిపుస్తకం వేశాడు. గుడారం బదులు టార్పాలిన్ లాంటి పరదా, స్లీపింగ్ బ్యాగు బదులు ఇంట్లో కుట్టిన బొంత, బరువు బూట్ల బదులు పరుగు బూట్లు, చట్రం లేని సంచి. తిండి, నీళ్ళు తీసేస్తే సామాను దాదాపు నాలుగు కిలోలు. ఆయన నమూనాలతో 1998లో గోలైట్ అనే కంపెనీ పుట్టింది. నేటి అల్ట్రాలైట్, అంటే అతి తేలిక సామాన్ల, మార్కెట్టు చాలావరకు ఆ దారినే వచ్చింది. జార్డీన్ ఆలోచన గొప్పదే. కాకపోతే అది పనిచేయాలంటే సరుకు సమయానికి, సరైన చోట అందాలి. అందుకే ఆయన పుస్తకంలో కుట్టు పాఠాలతో పాటు రోజుకెంత నడవాలి, ఎక్కడ పార్సిల్ తీసుకోవాలి అన్న పట్టికలూ ఉన్నాయి. గేట్‌వుడ్ ఇల్లిల్లూ అడిగి సాధించినదాన్ని ఆయన కాలపట్టికతో సాధించాడు.

ఈ మధ్యలో తూర్పున అపలాచియన్ దారే పక్కకు జరిగిపోయింది. 1978లో జాతీయ కాలిబాటల చట్టాన్ని సవరించి, భూమి కొనడానికి 9 కోట్ల డాలర్లు కేటాయించారు. రోడ్లమీద సాగే భాగాలను కొండనెత్తాలమీదికి, అడవుల్లోకి మార్చుకుంటూ పోయారు. అడవికి, దారికి ఇది మేలే చేసింది. కానీ కొట్లూ, బావులూ, తలుపు తట్టదగ్గ ఇళ్ళూ దూరమయ్యాయి. షాఫర్ 1998లో 79 ఏళ్ళ వయసులో మూడోసారి ఈ దారి నడిచాడు, అప్పుడు కూడా పాత సైనిక సంచితోనే. దారి తన కాలం కంటే చాలా కష్టమైపోయిందని బాధపడ్డాడు. అందరూ అది వయసు మాట అనుకున్నారు. దారి నిజంగానే మారిందని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

దూరమైన పల్లెల స్థానంలో కొత్త మజిలీలు వెలిశాయి. జార్జియాలో మొదలుపెట్టిన యాభై కిలోమీటర్లకు నీల్ గ్యాప్ కనుమలో వలాసీ-యీ అనే రాతికట్టడం వస్తుంది. 1930ల్లో కట్టారు. కాలిబాట దాని కప్పు కిందుగా సాగుతుంది. అక్కడి పరికరాల దుకాణంలో కొత్తవాళ్ళ సంచులు విప్పించి, వస్తువు వస్తువూ తీసి, ఇది ఎందుకు, అది ఎందుకు అని అడుగుతారు. ఇనుప మూకుడు, గొడ్డలి, మూడో ప్యాంటు అట్టపెట్టెలో పడి ఇంటికి తిరుగుముఖం పడతాయి. అటు మెయిన్‌లో మాన్సన్ చివరి ఊరు. అది దాటితే నూరు మైళ్ళ అడవి. పది రోజుల తిండి లేకుండా అడుగుపెట్టొద్దని అక్కడ బోర్డు ఉంటుంది. మాన్సన్‌లో 1977 నుంచి షాస్ అనే వసతిగృహం నడుస్తోంది, అక్కడి ఉదయపు ఫలహారం దారంతా ప్రసిద్ధి. ఇప్పుడు డబ్బు కడితే అడవి మధ్యకు బకెట్లో తిండి చేరవేసే ఏర్పాటూ ఉంది. పది రోజుల మూట ఐదు రోజులకు తగ్గుతుంది.

పశ్చిమాన సియెరా నెవాడా కొండల్లో మ్యూర్ ట్రెయిల్ రాంచ్ అనే చోటికి తిండిని ప్లాస్టిక్ బకెట్లలో ముందుగా పంపాలి. ఎలుకలు కొరకకుండా మూత గట్టిగా ఉండాలన్నది వాళ్ళ షరతు. ఆ ప్రాంతంలో ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బాలోనే తిండి మోయాలన్న నిబంధన చాలాచోట్ల ఉంది. ఖాళీ డబ్బాయే కిలో పైన తూగుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో, కెనడాకు ముందు ఆఖరి మజిలీ స్టిహీకిన్. బయటి ప్రపంచం నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. షెలాన్ సరస్సు మీద పడవలోనో, చిన్న విమానంలోనో, కాలినడకనో చేరాలి. అయినా అక్కడ పోస్టాఫీసు ఉంది, పార్సిల్ పడవలో వస్తుంది.

ఈ అల్లిక ఎంత సున్నితమైనదో 2020 మార్చిలో బయటపడింది. కరోనా మొదలవగానే అపలాచియన్ ట్రెయిల్ సంఘం, నడుస్తున్నవాళ్ళందరినీ దారి వదిలి ఇళ్ళకు వెళ్ళమని కోరింది. కొండమీద ఒంటరిగా ఉన్నవాడికి జబ్బు భయమేమిటని చాలామంది అడిగారు. ఆ ఒంటరి మనిషి నాలుగైదు రోజులకోసారి ఒక కొట్లోకి, ఒక హాస్టల్లోకి, ఎవరో ఒకరి కారులోకి వెళ్ళక తప్పదు. చిన్న ఊళ్ళ ఆసుపత్రులకు ఆ రాకపోకలే ముప్పు.

2024 సెప్టెంబరు ఆఖరులో హెలీన్ తుపాను దక్షిణ అపలాచియన్ కొండలను ముంచెత్తింది. కాలిబాట ప్రధాన వీధి గుండా సాగే నార్త్ కరొలైనాలోని హాట్ స్ప్రింగ్స్ ఊరు నీట మునిగింది. వర్జీనియాలోని డమాస్కస్, ఏటా మే నెలలో నడకరుల ఉత్సవం జరిగే ఊరు, వరదలో దెబ్బతింది. టెనెసీలో ఎర్విన్ దగ్గర నోలిచకీ నది మీద కాలిబాట దాటే వంతెన కొట్టుకుపోయింది. చెట్లు కూలి వందల కిలోమీటర్ల దారి మూతపడింది. శీతాకాలమంతా వాలంటీర్లు రంపాలతో చెట్లు కోశారు. 2025 వసంతంలో ఉత్తరానికి నడిచేవాళ్ళు నోలిచకీ ఒడ్డుకు వచ్చేసరికి, వాళ్ళనూ వాళ్ళ సంచులనూ అవతలికి చేర్చడానికి పడవ ఏర్పాటు చేసి ఉంచారు.